సొరపందిరి కింద గ్రీకు

పాఠం మొదలుపెట్టే ముందు తెలుగు బైబిలు తీసుకుపోయి, వంటింట్లో మురుకుల డబ్బాలుండే అల్మారాలో పెట్టి తలుపు వేసి రావడం నాకు అలవాటు. నా దగ్గర గ్రీకు చదువుకోవడానికి ఎవరొచ్చినా ముందు ఈ తంతు జరగాల్సిందే. పోయిన నెల శ్రీవిద్య మొదటిసారి వచ్చిన రోజు కూడా అదే చేశాను. ఆ పిల్ల తిరుపతిలో సంస్కృతంలో పరిశోధన చేస్తోంది. వాళ్ళ నాయనకు కొండ మీద దేవస్థానంలో ఉద్యోగం. పూర్వం ఒక జాతి తన పవిత్ర గ్రంథాన్ని పరాయి భాషలోకి ఎలా మార్చుకుందో చూడాలన్న పట్టుదల ఆమెకు ఎక్కడ పుట్టిందో గాని, ఎవరో నా పేరు చెబితే స్కూటీ వేసుకుని మా ఫ్లాటు వెతుక్కుంటూ వచ్చింది. నేను అల్మారా తలుపు వేసి రావడం చూసి నోరు తెరిచింది.

"మీ దేవుని పుస్తకం తీసకపోయి మురుకుల పక్కన పెడతారేంది టీచరమ్మా?"

"అది ఈడుంటే నీకు గ్రీకు రాదు" అన్నాను.

నవ్వింది. నేను నవ్వలేదు. ఈ అలవాటు నాది కాదు, చిత్తూరులో జ్ఞానప్రకాశం అయ్యగారి ఇంటిది. దాని సంగతి చెప్పాలంటే నా చదువు సంగతి, నా చదువు సంగతి చెప్పాలంటే నా జీవితంలో నేను పూర్తిగా గెలిచిన ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి. ఆ మధ్యాహ్నం గురించి చెప్పేటప్పుడు వినయంగా ఉండడం నాకు చేతకాదు. ఉండాలని కూడా లేదు.

మా ఇల్లు చిత్తూరులో మిషన్ కాంపౌండు గోడకు ఆనుకుని ఉండేది. నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మేస్త్రీ. కాయల కాలం వచ్చిందంటే ఆయన చొక్కాకు, చేతులకు, చివరికి తలగడకు కూడా మాగిన తోతాపురి వాసన పట్టేది. ఉతికినా పోయేది కాదు. గోడకు అవతల రిటైరైన పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారు, అమ్మగారు ఉండేవాళ్ళు. వాళ్ళకు పిల్లల్లేరు. అయ్యగారి కళ్ళలో పొర కమ్మేసింది. మనిషి వచ్చినట్టు తెలిసేది, ఎవరో తెలిసేది కాదు. పేపరు చదివి వినిపించమని అమ్మ నన్ను పంపింది. ఉదయం ఇంత పేపరు చదివి, అమ్మగారు దవరాలో పోసిచ్చే కాఫీ తాగి వచ్చేదాన్ని. ఆ ఇంటి వాసన కాఫీ, ముక్కుపొడి, నాఫ్తలీన్ ఉండలు కలిసిన వాసన. పాస్టరుగారికి ముక్కుపొడి అలవాటేమిటని కాంపౌండులో కొందరు గుసగుసలాడేవాళ్ళు. ఆయన వాటిని తుమ్ముతోపాటు వదిలేసేవాడు.

ఒకరోజు పేపరు అయిపోయాక ఆయన, "ఆ బీరువాలో అడుగు అరలో డెబ్బై ఉండాది, తీసకరా పాపా" అన్నాడు. డెబ్బై ఏమిటో నాకు అర్థం కాలేదు. వంటింట్లోంచి అమ్మగారు, "ఆ లావు పుస్తకం తీసకపో మ్మేయ్. దానికి డెబ్బై అని పేరు పెట్టుకున్యాడు" అంది. నల్లటి అట్ట, లోపల చీమలు బారు తీరినట్టు అక్షరాలు. ఒక్కటి కూడా తెలియదు నాకు.

ఆ రోజే ఆయన ఆ పుస్తకం కథ చెప్పాడు. ఎంతో కాలం కిందట యూదులు చాలామంది ఐగుప్తులో అలెగ్జాండ్రియా అనే ఊళ్ళో కాపురాలు పెట్టారు. ఇంట్లోనూ బజారులోనూ గ్రీకు మాట్లాడీ మాట్లాడీ వాళ్ళ పిల్లలకు హెబ్రీ మరుపున పడింది. తమ లేఖనాలు తమకే తెలియకుండా పోతున్నాయని పెద్దలు వాటిని గ్రీకులోకి మార్చారు. అదే ఈ పుస్తకం. డెబ్బైమంది పెద్దలు విడివిడిగా గదుల్లో కూర్చుని రాస్తే అందరి రాతా అక్షరం తేడా లేకుండా ఒకేలా వచ్చిందని ఒక పాత ముచ్చట ఉంది, అందుకే ఆ పేరు. అమ్మగారు ఇదంతా వింటూ చేటలో బియ్యం చెరుగుతోంది. "కూరలో ఉప్పు సాలిందా లేదా అని మనమిద్దరం ఒక మాట మీద ఉండలేము. డెబ్బైమంది ఒకటే రాసినారా" అంది. అయ్యగారు ముక్కుపొడి డబ్బీ తీశాడు.

ఆయనకు ఆ గ్రీకు నేర్పింది చాలా ఏళ్ళ కిందట ఇక్కడ పనిచేసి వెళ్ళిపోయిన ఒక దొర. పుస్తకం కూడా ఆయన ఇచ్చి పోయిందే. కళ్ళు పోయాక అయ్యగారికి అన్నిటికంటే ఎక్కువ బాధ అదే. పేపరు ఎవరైనా చదివి వినిపిస్తారు, తెలుగు బైబిలు అమ్మగారు చదివి వినిపిస్తుంది, డెబ్బై చదివి వినిపించేవాళ్ళు మాత్రం జిల్లాలోనే లేరు. "నీకు అర్థం కావాల్సిన పని లేదు పాపా. అచ్చరాలు నేర్పిస్తా, పలికితే సాలు. నేను ఇనుకుంటా" అన్నాడు. అట్లా మొదలైంది. అక్షరాలు పలికే పిల్ల అర్థం అడగకుండా ఎన్నాళ్ళుంటుంది? నేను అడిగాను, ఆయన చెప్పాడు. మేమిద్దరం అనుకోకుండానే అది చదువైపోయింది.

పాఠం ఇంట్లో కాదు, పెరట్లో సొరపందిరి కింద. అమ్మగారు వేసిన పాదు పందిరంతా అల్లుకుని, మా తలల మీద లేత సొరకాయలు వేలాడుతూ ఉండేవి. అయ్యగారు లేచేటప్పుడు తలకు తగిలేవి. తిట్టుకునేవాడు, కోయనిచ్చేవాడు కాదు. "ఈ సొర సంగతి ఆ పుస్తకంలోనూ ఉండాది. నువ్వింకా ఆడికి రాలేదు" అనేవాడు. ఎక్కడుందని ఎంత అడిగినా చెప్పేవాడు కాదు. చెబితే ముందే తెలుగులో చూసుకుని వస్తానని ఆయన అనుమానం. ఆ అనుమానం న్యాయమైనదే.

ఎందుకంటే మొదట్లో నేను ఆయన్ని బాగా మోసం చేశాను. సండే స్కూల్లో పెరిగిన పిల్లను. కీర్తనలూ కథలూ సగం నోటికి వచ్చు. గొర్రెల కాపరి కీర్తన చదివి అర్థం చెప్పమంటే మొదటి రెండు మాటలు గ్రీకులో పట్టుకుని, మిగతాదంతా తెలుగులో గడగడా ఒప్పజెప్పాను. అయ్యగారు చెయ్యి చాపి, పేజీ మీద నా వేలు ఎక్కడుందో తడిమి చూశాడు. వేలు ఇంకా మొదటి మాట మీదే ఉంది. నోరు మాత్రం కీర్తన చివరికి పోయింది.

"ఇది నువ్వు సదివింది కాదు, గ్యాపకం వచ్చింది" అన్నాడు. "గ్యాపకం నాకూ ఉండాది. దానికి నువ్వెందుకు? నాకు కండ్లు కావాల. వేలు కింద ఏముందో అది సెప్పు, నోట్లో ఏముందో అది నాకొద్దు."

ఆ రోజు నుంచి రెండు నియమాలు వచ్చాయి. చదివే ప్రతి మాట కింద వేలు ఉండాలి. నా వేలి మీద ఆయన వేలు ఉంటుంది. నా నోరు వేలికంటే ముందుకు పోయిందా, గోటితో ఒక్క నొక్కు. రెండోది, పాఠం అయిందాకా తెలుగు బైబిలు ఇంట్లో ఎక్కడా కనబడకూడదు. అమ్మగారు దాన్ని మురుకుల డబ్బాల పక్కన పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుములో దోపుకునేది. దేవుని వాక్యాన్ని మురుకుల దగ్గర పెట్టవచ్చా అని నేను అడిగితే, "మురుకులు మాత్రం ఎవురిచ్చినారు?" అంది. పాఠం ఆయనకు తృప్తిగా సాగితే చివర్న "పోదుం" అనేవాడు. ఆయన తల్లి అరవం మనిషి. చాలు అనాల్సిన చోటంతా ఆయనకు ఆ అరవం మాటే వచ్చేది. బాగుందని, భేష్ అని ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పోదుం అంటే అమ్మగారు అల్మారా తెరిచేది, తెలుగు బైబిలూ మురుకులూ కలిసే బయటికి వచ్చేవి. అనని రోజు రెండూ లోపలే. మురుకు నములుతూ తెలుగుతో పోల్చి చూసుకోవడమే నాకు రోజులో అన్నిటికంటే సంతోషమైన సమయం.

ఇట్లా కొన్నేళ్ళు గడిచాయి. కాలేజీ చదువు ఒకపక్క, ఇది ఒకపక్క. డిగ్రీ అయ్యాక పాస్టర్లు చదువుకునే సెమినరీలో చేరతానన్నాను. అప్పుడు తెలిసింది, అక్కడ ఆడపిల్లలను తీసుకునేది బైబిలు స్త్రీల కోర్సులోకే అని. ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడి, జబ్బు మనుషుల దగ్గర కూర్చుని ధైర్యం చెప్పే పని. ఆ పని చిన్నదని నేననను. నాకు గొంతు లేదు, ఓర్పు అంతకంటే లేదు. నాకు కావలసింది మగవాళ్ళు కూర్చునే పెద్ద క్లాసు. అక్కడ గ్రీకు చెబుతారు, అక్కడి నుంచి వచ్చినవాళ్ళే మళ్ళీ గ్రీకు చెప్పగలరు. అయ్యగారు పట్టుబట్టి రాయించగా రాయించగా అక్కడి నుంచి ఒక కబురు వచ్చింది. ప్రొఫెసరుగారు ఒకాయన సంఘం పని మీద చిత్తూరు వస్తున్నారు, అమ్మాయికి గ్రీకు నిజంగా వస్తే ఆయన ఎదుట చదివి చూపించాలి, వస్తే పెద్ద క్లాసు, రాకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు.

"మగపిల్లోళ్ళకు లేని పరీచ్చ మా పాపకేంది?" అని నాయన గొణిగాడు. గొణుగుతూనే ఫ్యాక్టరీలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు, మా పాప గ్రీకులో పరీక్ష ఇస్తోందని. గ్రీకంటే ఏందని అడిగినవాళ్ళకు, "దొరలకే రాదంట" అని జవాబు. ఇంకోపక్క మా మేనత్త కుట్టు మిషను నేర్పే చోట నాకు సీటు మాట్లాడి పెట్టింది. ఓడిపోతే అటు పోవాలి. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు.

పరీక్ష రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. కాంపౌండు హాల్లో కరెంటు పోయింది. ప్రొఫెసరుగారు కోస్తా మనిషి, భారీ మనిషి. జేబురుమాలు నీళ్ళలో ముంచినట్టు తడిసిపోయింది. ఇక్కడ కూర్చోలేమంటే, అమ్మగారే మా పందిరి కింద చల్లగా ఉంటుందని చెప్పి అందరినీ తీసుకొచ్చింది. సొరకాయల కింద బల్ల వేశారు. ప్రొఫెసరుగారు, ఆయనకు అటూ ఇటూ సంఘపెద్దలు ఇద్దరు, ఎదురుగా నేను. అయ్యగారు నోరు మెదపకూడదన్న షరతు మీద వరండాలో కుర్చీలో. నాయన ఫ్యాక్టరీ చొక్కాతోనే వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. మామిడి వాసన గాలికి మా దాకా వస్తోంది.

మొదట కొత్త నిబంధనలో యోహాను సువార్త మొదలు ఇచ్చారు. చదివాను, అర్థం చెప్పాను. తప్పు లేదు. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "బాగానే ఉందమ్మా. కానీ ఇది సండే స్కూలు పిల్లలు కూడా ఒప్పజెబుతారు కదా. బట్టీ పట్టలేదని నాకెలా తెలుస్తుంది?" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, నిజంగానే అనుమానం. అటూ ఇటూ చూసి, బల్ల మీదున్న డెబ్బైని దగ్గరకు లాక్కున్నారు. "ఇది నేను చదువుకునే రోజుల తర్వాత ముట్టుకోలేదు. ఇందులోనైతే ఎవరూ బట్టీ పట్టరు" అంటూ పేజీలు తిప్పి, చేప మింగిన యోనా ప్రవక్త కథ దగ్గర ఆపారు. కథ తెలిసిందే కాబట్టి పిల్ల బెదిరిపోదని ఆయన దయ. చేప కక్కేసిన తర్వాత దేవుడు రెండోసారి నీనెవెకు పొమ్మన్న చోటు నుంచి చదవమన్నారు. నేను చెప్పేది సరిచూసుకోవడానికి తన తెలుగు బైబిలు తెరిచి ముందు పెట్టుకున్నారు.

నేను అయ్యగారితో యోనా ఎప్పుడూ చదవలేదు. మా వరుస ఇంకా అక్కడికి రాలేదు. వేలు పెట్టాను. యోనా లేచాడు, నీనెవెకు పోయాడు, అది పెద్ద ఊరు, ఊళ్ళో ఒక రోజు నడక నడిచాడు, కేక వేశాడు. ఒక్కో మాట పలికి, దాని తెలుగు చెబుతూ పోతున్నాను. కేకలో ఏమున్నదో భూమ్మీద ఏ సండే స్కూలు పిల్లనడిగినా నిద్రలో చెబుతుంది, ఇంకా నలభై రోజులకు ఈ ఊరు కూలిపోతుందని. నా నాలుక మీద నలభై సిద్ధంగా ఉంది. కానీ వేలి కింద ఉన్న మాట త్రెయిస్. అది తెలియకపోవడానికి లేదు, మన త్రయానికి చుట్టం. మూడు.

వేలు కదల్లేదు. మళ్ళీ చూశాను. చుట్టూ చూశాను. నా చెయ్యి మీద అయ్యగారి గోరు లేదు, ఉన్నట్టే అనిపించింది.

"ఇంకా మూడు రోజులు, నీనెవె కూలిపోతుంది" అన్నాను.

సంఘపెద్దల్లో ఒకాయన దగ్గాడు. ప్రొఫెసరుగారు తెలుగు మీద వేలు ఆనించి, "ఇంకోసారి చూసి చెప్పమ్మా" అన్నారు.

"మూడు రోజులు."

"నలభై కదమ్మా."

రెండో పెద్దాయన మెల్లగా నవ్వి, "పిల్ల బెదిరినాది" అన్నాడు. ప్రొఫెసరుగారు కూడా అదే అనుకున్నారు. ముందుకు వంగి, చాలా మెత్తగా, "కంగారులో వచ్చేసి ఉంటుంది. ఫర్వాలేదు, సరిదిద్దుకో, ముందుకు పోదాం. మిగతాది చక్కగా చదువుతున్నావు" అన్నారు.

ఆ మెత్తదనమే నన్ను దాదాపు పడగొట్టింది. గద్దించి ఉంటే నాకు తిక్క రేగేది, సులువయ్యేది. ఇక్కడ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు. నలభై అంటే చాలు, పెద్ద క్లాసు. మూడు అంటే కుట్టు మిషను. గోడ దగ్గర నాయన ముఖం చూశాను. నలభైకీ మూడుకీ గొడవేంటో ఆయనకు తెలియదు, కానీ నేను ఏదో చిక్కులో పడ్డానని తెలిసింది. చేతులు రెండూ కట్టుకుని, నన్ను కాకుండా నేలను చూస్తున్నాడు. వరండాలో అయ్యగారు కుర్చీ అంచుకు జరిగి, తల పక్కకు వంచి వింటున్నాడు. ఇన్నేళ్ళూ ఆ మనిషికి నేను కళ్ళు. లేనిదాన్ని ఉందని చెబితే ఆయనకు ఇక ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే చూసి చెప్పేదాన్ని నేనే. అది తలచుకోగానే నాకు భయం పోయింది. నిజం చెబుతున్నాను, పోయింది.

"అయ్యా, నలభై మీ ముందరుండే పుస్తకంలో ఉండాది" అన్నాను. "నా వేలు కింద మూడే ఉండాది."

ప్రొఫెసరుగారు నన్ను చూశారు, తెలుగు చూశారు. ఆ తర్వాత ఆయన చేసిన పనికి నేను ఈ రోజుకీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. తెలుగు బైబిలు మూసేశారు. ఆ భారీ శరీరంతో లేచి, బల్ల చుట్టూ తిరిగి నా వైపు వచ్చి, వంగి, నా వేలి పక్కన తన వేలు పెట్టారు. గొంతెత్తి గ్రీకులో చదివారు. రెండోసారి ఇంకా మెల్లగా చదివారు.

"త్రెయిస్" అన్నారు. "మూడేనండీ. ఇందులో మూడే ఉంది."

నిలబడే నవ్వడం మొదలుపెట్టారు. ఎగతాళి కాదు, పోయిన వస్తువేదో దొరికిన మనిషి నవ్వు. "ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఇది నా కంట పడలేదు. చూసే ముందే నలభై అని అనేసుకుంటాం కదా, ఇక చూసేదెక్కడ" అన్నారు. వరండా వైపు తిరిగి, "అయ్యగారూ, మీ షరతు తీసేశాను, మాట్లాడండి. ఈ అమ్మాయికి చదువు చెప్పింది మీరేనా?" అని అడిగారు.

అయ్యగారు లేచాడు. "నాకు కండ్లు లేవయ్యా. నాకు సదివి సెప్పింది ఆ పాపే" అన్నాడు.

తర్వాత పాఠం అయ్యగారిదైంది. హెబ్రీలో నలభై ఉందని, గ్రీకు చేసిన పెద్దల ముందున్న ప్రతిలోనే మూడు ఉందో, వాళ్ళే అట్లా మార్చారో ఎవరికీ తెలియదని, రెండూ ఎంతో పాతవేనని చెప్పాడు. ప్రొఫెసరుగారు కథ ఆఖరుదాకా చదవమన్నారు. ఇక అది పరీక్ష కాదు, వినాలని. ఎండకు మాడుతున్న యోనా తల మీద దేవుడు నీడకు మొలిపించిన మొక్క దగ్గరికి వచ్చాను. వేలి కింద చూసి, "సొర" అన్నాను. ప్రొఫెసరుగారు తెలుగు తెరిచి, "ఇక్కడ మాత్రం రెండూ కలిశాయి" అన్నారు. హెబ్రీ తెలిసినవాళ్ళు అది ఆముదం చెట్టంటారని అయ్యగారు అన్నాడు. అమ్మగారు వంటింటి గుమ్మంలోంచి, "ఆముదం సెట్టు కింద ఎవురన్నా కూసుంటారా? సొరే" అని తేల్చేసింది. అందరూ తల పైకెత్తి పందిరి చూశారు.

అయ్యగారు అప్పుడు అన్నాడు, "పోదుం" అని. ప్రొఫెసరుగారికి ఆ మాట ఏమిటో తెలియదు. నాకు, అమ్మగారికి తెలుసు. ఆమె నడుములోంచి తాళంచెవి తీసింది.

గోడ దగ్గర నుంచి నాయన, "ఏమైంది పాపా?" అన్నాడు.

"మూడు, నాయనా" అన్నాను.

"మూడేంది?"

"నేను సెప్పిందే నిజం. మూడు."

ఆయన సైకిలెక్కి ఫ్యాక్టరీకి పోయి, కాసేపట్లో బుట్ట నిండా తోతాపురి కాయలతో వచ్చాడు. అమ్మగారు చెక్కలు కోసి ఉప్పూకారం చల్లింది. ప్రొఫెసరుగారు మోచేతుల దాకా రసం కారుతుంటే ఒక చేత్తో మామిడి చెక్క, ఒక చేత్తో మురుకు పట్టుకుని, పెద్ద క్లాసులో చేరేటప్పుడు ఏమేం తెచ్చుకోవాలో నాకు చెబుతున్నారు. ఫ్యాక్టరీలో ఆ కాయల కాలమంతా నాయన పేరు మారిపోయిందట, "మూడు మేస్త్రీ" అని పిలిచేవాళ్ళట. ఎందుకు మూడో ఆయనకే సరిగ్గా తెలియదు. అడిగినవాళ్ళకు మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు, "మా పాప మూడంటే పెద్ద ప్రొఫెసరు కూడా మూడన్న్యాడు."

నేను పెద్ద క్లాసులో మగపిల్లల మధ్య కూర్చున్నాను. గెలిచాను. తర్వాత అదే సెమినరీలో గ్రీకు చెప్పాను. ఈ రోజు రాయలసీమలో ఎందరో పాస్టర్లు వేలు కింద పెట్టకుండా ఒక్క మాట కూడా చదవరు. అది నా గోటి మహిమ. అయ్యగారు పోయాక అమ్మగారు డెబ్బైని నాకు పంపింది, పెద్ద మురుకుల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ గుడ్డ కట్టి. ఇప్పటికీ ఆ పుస్తకం తెరిస్తే ముక్కుపొడి వాసన, దాని వెనక ఎక్కడో నూనె వాసన వస్తాయి.

ఇప్పుడు చదువు వేరు. శ్రీవిద్య మొదటి రోజు డెబ్బైని ఫోనులో తెచ్చుకుంది. మొత్తం పుస్తకం అందులో ఉందట. నేను అలవాటు కొద్దీ మాట కింద వేలు పెట్టమన్నాను. పెట్టగానే దాని అర్థం టపీమని పైకి వచ్చేసింది. "తీసేయ్ వేలు" అన్నాను. తీస్తే పేజీ జరిగిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు. చివరికి ఫోను పక్కన పెట్టించి అయ్యగారి పుస్తకమే ఇచ్చాను. ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో జిల్లా మొత్తానికి ఒక్క పుస్తకం, దాన్ని చదవడానికి చూపులేని ఒక పెద్దాయన, ఆయనకు కళ్ళుగా ఒక పిల్ల. ఈ రోజు కొండ మీద ఘాట్ రోడ్డు బస్సులో కూర్చుని కూడా ఎవరైనా చదువుకోవచ్చు. నాకు అసూయ లేదు. కొంచెం ఉంది.

పోయిన వారం శ్రీవిద్యకు యోనా ఇచ్చాను. మూడో అధ్యాయం. కావాలనే ఇచ్చాను. ఆ మాట దగ్గర ఆగుతుంది, తడబడుతుంది, నా వైపు చూస్తుంది, అప్పుడు అయ్యగారు చెప్పిందంతా చెబుదామని కాచుకుని కూర్చున్నాను. ఆ పిల్ల వేలు పెట్టింది, "త్రెయిస్, త్రయః, మూడు రోజులు" అంది, తర్వాతి మాటకు వెళ్ళిపోయింది. దాని గొంతులో ఒక్క వణుకు లేదు. ఉండదు కదా. కొండ కింద పెరిగిన పిల్ల, సండే స్కూలు ఎరగదు, నలభై అన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. నేను ఒక మధ్యాహ్నమంతా చెమటలు కక్కి దాటిన మాటను ఆ పిల్ల ఆగాల్సిన స్టాపు కాదన్నట్టు దాటేసింది. నా ముఖం చూసి, "తప్పు సదివితినా టీచరమ్మా?" అంది. లేదన్నాను. పోయేటప్పుడు ఇంటి దగ్గర పోల్చి చూసుకుంటానని అల్మారాలోంచి తెలుగు బైబిలు అడిగి పట్టుకుపోయింది.

సాయంత్రం ఫోను చేసింది. గొంతు కంగారుగా ఉంది.

"టీచరమ్మా, మీ తెలుగు బైబిల్లో పెద్ద తప్పు పడిండాది. మూడు రోజులు అని ఉండాల్సిన సోట నలభై అని అచ్చేసినారు. పెన్సిలుతో దిద్దేదా?"

"పెన్సిలు కింద పెట్టు ముందు" అన్నాను. అంతే, ఇక నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అటు పక్క ఆ పిల్ల, "ఏమైంది టీచరమ్మా, ఏమైంది" అంటూనే ఉంది. సంఘపెద్దలు ఇద్దరూ, చెమటతో తడిసిన జేబురుమాలూ, నేల చూస్తున్న నాయనా, అంతా కళ్ళ ముందుకు వచ్చారు. ఆ రోజు పందిరి కింద మూడును నమ్మడానికి ఒక్కరూ లేరు. ఈ రోజు నలభైని నమ్మని పిల్ల ఒకటి నాకు ఫోను చేసింది.

మర్నాడు వచ్చింది. తెలుగు బైబిలు తెచ్చి ఇచ్చింది. నేను దాన్ని అల్మారాలో పెట్టలేదు. బల్ల మీద డెబ్బై పక్కనే తెరిచి పెట్టాను. హెబ్రీలో నలభై ఉందని, తెలుగు దాన్నుంచే వచ్చిందని, రెండూ ఎంతో పాతవని, ఎవరు మార్చారో తెలియదని, అయ్యగారు చెప్పిన వరుసలోనే చెప్పాను. శ్రీవిద్య ఎడమ చేతి వేలు నలభై కింద, కుడి చేతి వేలు మూడు కింద పెట్టి, రెండు పేజీలనూ మార్చి మార్చి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఏ వేలూ తీయలేదు.

"పోదుం" అన్నాను.

"అంటే ఏంది టీచరమ్మా?"

"అంటే మురుకులు తినొచ్చు" అని, లేచి అల్మారా తెరిచాను.